వానలకు ముందే పునాది లెక్క: చెన్నైలో ఇల్లు కట్టబోయేవారికి జాగ్రత్తలు

చెన్నైలో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే పడుతుంది. తెలంగాణ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబాలు, దసరాకు వానలు తగ్గుతాయన్న అలవాటుతో, విజయదశమికి శంకుస్థాపన పెట్టుకుంటూ ఉంటారు. నెల్లూరు వాళ్ళకు ఈశాన్య రుతుపవనాల సంగతి చెప్పనక్కర్లేదు గానీ, ఖర్చు దగ్గరికి వచ్చేసరికి వాళ్ళు కూడా చదరపు అడుగుకు ఇంత అన్న ఒక్క మాటతో సరిపెట్టుకోవడం చూస్తున్నాను. ఇక్కడ ఇంటి అంచనా ఎక్కువగా తప్పేది నేల కింద పనిలోనే, అదీ ఈ మూడు నెలల్లోనే. అందుకే తవ్వకానికి ముందే పునాది లెక్కను విడిగా వేయించుకోండి.

చదరపు అడుగు ధర శ్లాబు విస్తీర్ణం మీద కట్టేది. ఆ ధరలో పునాది లోతు ఎన్ని అడుగుల వరకు కలిసి ఉంది, బేస్‌మెంటు (నేల మట్టం నుంచి ఇంటి గచ్చు దాకా ఉండే భాగం) ఎత్తు ఎంత వరకు, పోర్టికోకు పూర్తి ధరా సగం ధరా, సంపు, సెప్టిక్ ట్యాంకు, ప్రహరీ, గేటు అందులోవేనా అన్నది కాగితం మీద రాయించుకోవాలి. తమిళనాడులో వాననీటి సేకరణ 2003 నుంచి తప్పనిసరి అయినా, చాలా కొటేషన్లలో ఆ పద్దే కనిపించదు. ‘పునాది: సైటును బట్టి’ అని ఒక్క ముక్క రాసి వదిలేసిన కొటేషన్‌కు మాత్రం అడ్వాన్సు ఇవ్వకండి.

వేళచ్చేరి, పళ్ళికరణై వైపు బంకమట్టి, తిరువాన్మియూరు తీరాన ఇసుక, గిండీ, సెయింట్ థామస్ మౌంట్ దగ్గర తక్కువ లోతులోనే రాయి తగులుతాయి. బంకమట్టి తడిస్తే ఉబ్బి, ఆరితే కుంచించుకుపోతుంది కాబట్టి, అలాంటి చోట ఇంజనీరు అండర్ రీమ్డ్ పైల్స్ (అడుగున వెడల్పు చేసి లోతుగా దించే కాంక్రీటు స్తంభాలు) వేయమంటే, మామూలు ఫుటింగుల (స్తంభాల కింద వేసే కాంక్రీటు దిమ్మెల) మీద వేసిన అంచనా మొత్తం మారిపోతుంది. మట్టి పరీక్ష రిపోర్టు చేతికి రాకముందు వేసిన పునాది అంకెను నమ్మకూడదు.

ముడిచ్చూరు దగ్గర మా బంధువుల స్థలంలో అక్టోబరు చివర తవ్విన గుంతలు ఒక్క రాత్రి ముసురుకే గట్లు జారి, తెల్లారేసరికి వెడల్పు చెరువుగుంటల్లా తయారయ్యాయి. 5 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు, 6 అడుగుల లోతు గుంత 150 ఘనపుటడుగులు; నాలుగు వైపులా ఒక్కొక్క అడుగు జారితే అదే గుంత 294 ఘనపుటడుగులు. తీసిన మట్టి, తిరిగి పూడ్చే మట్టి రెండూ పెరుగుతాయి. అడుగున నాని మెత్తబడిన మట్టిని తీసేసి, ఆ లోతును మట్టితో కాకుండా పీసీసీతో (ఇనుము లేని మామూలు కాంక్రీటుతో) నింపాలి. నీళ్ళు తోడే మోటారు అద్దె, డీజిలు, రాత్రి కాపలా అదనం. ఈ పద్దులను అంచనాలో ముందే చూపించాలి. మామూలుగా అనుకోని ఖర్చులకు 3 నుంచి 5 శాతం వేస్తారు. వానల్లో తవ్వక తప్పనివారు పునాది భాగానికి 15 శాతం వేసుకోవడం మేలని నా అభిప్రాయం. అక్టోబరు మధ్యకు ప్లింత్ బీము (పునాది పైన, గోడల కింద వేసే కాంక్రీటు దూలం) పడి, చుట్టూ మట్టి పూడ్చడం పూర్తయ్యే వీలు లేకపోతే, సంక్రాంతి దాటాక మొదలుపెట్టడమే అన్నిటికన్నా చవక.

ఇసుక విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఎం-శాండ్ (రాయిని పొడి చేసి తయారుచేసే ఇసుక) అయినా నది ఇసుక అయినా కొంచెం తడిగా ఉన్నప్పుడు ఉబ్బి, ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. లారీ దిగగానే గాజు గ్లాసులో ఇసుకను అదమకుండా 20 సెంటీమీటర్ల ఎత్తుకు పోసి, నీళ్ళు నిండుగా పోసి పుల్లతో కలిపి, తేరుకున్నాక ఇసుక మట్టాన్ని కొలవండి. అది 16కు దిగితే ఉబ్బు 25 శాతం. అంటే 100 ఘనపుటడుగుల యూనిట్‌కు డబ్బు కట్టి 80 ఘనపుటడుగుల ఇసుకే తెచ్చుకున్నారన్నమాట. 1,200 చదరపు అడుగుల శ్లాబును 5 అంగుళాల మందంతో వేస్తే 500 ఘనపుటడుగుల కాంక్రీటు పడుతుంది. సిమెంటు, ఇసుక, కంకర 1:1.5:3 పాళ్ళలో దానికి సుమారు 113 బస్తాల సిమెంటు, 210 ఘనపుటడుగుల పొడి ఇసుక, దానికి రెట్టింపు కంకర కావాలి. అదే ఉబ్బిన ఇసుకైతే 260 దాటుతుంది. ఈ తేడాను లెక్కలోకి తీసుకోకుండా మేస్త్రీ పెట్టెలతో కొలిచి కలిపితే ఇసుక పాలు తగ్గి, అంచనా వేసిన సిమెంటు శ్లాబు పూర్తి కాకముందే చాలకుండా పోతుంది.

2015, 2023 డిసెంబరు వరదలు చూసిన తర్వాత ఇంటి మట్టాన్ని పెంచాలని అందరూ అనుకుంటున్నారు, అది సబబే. కానీ 1,200 చదరపు అడుగుల ఇంటిని 2 అడుగులు ఎత్తు చేయాలంటే 2,400 ఘనపుటడుగుల నింపుడు కావాలి; దిమ్మిస కొట్టాక అణిగేది కలిపితే దాదాపు 30 యూనిట్లు అవుతుంది. బేస్‌మెంటు గోడ ఎత్తు, మెట్ల సంఖ్య కూడా పెరుగుతాయి.

సంపుకు ఇంకో ప్రమాదం ఉంది. భూగర్భ జలం నేలమట్టం దాకా వస్తే, 2 మీటర్ల లోతున్న ఖాళీ సంపును నీరు చదరపు మీటరుకు 2 టన్నుల బలంతో పైకి నెడుతుంది; 15 సెంటీమీటర్ల అడుగు శ్లాబు బరువు అంతే విస్తీర్ణానికి 0.375 టన్నులే. పైన ఇంటి బరువు పడేదాకా వానల్లో సంపును నీటితో నింపి ఉంచాలి. ఆ నీటి ట్యాంకర్ల ఖర్చూ అంచనాలో ఉండాలి.

సిమెంటు మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం కాకుండా 18 శాతం కాబట్టి, పాత కొటేషన్లను తిరగరాయించండి. సిమెంటును 3 నెలలకు మించి నిల్వ చేయవద్దు. సెంట్రింగ్ (శ్లాబు పోయడానికి కింద కట్టే పలకలు, ఆసరాలు) అద్దె రోజు లెక్కన అయితే ముసురు పట్టిన రోజులకు ఎవరు కట్టాలో ముందే తేల్చుకోండి.

పునాదికి డబ్బు కొలతల మీదే చెల్లించండి. ప్రతి గుంతలో పీసీసీ వేయకముందు టేపు నిలువుగా, అడ్డంగా పట్టించి, అంకెలు కనిపించేలా ఫోటో తీసి, గుంత నంబరు, తేదీ నోటుబుక్కులో రాసి, మేస్త్రీ చేత, ఇంజనీరు చేత అక్కడికక్కడే సంతకం చేయించుకున్న తర్వాతే కాంక్రీటు పోయనివ్వండి.