గమ్ బూట్లు తొడిగేవాళ్ల గోళ్ల కోసం

వైజాగ్‌లో రొయ్యల ప్లాంటులో 11 ఏళ్లుగా పనిచేస్తున్నాను. షిఫ్టు మొదలయ్యే ముందు అమ్మాయిల చేతులు చూసి లోపలికి పంపే పని నాది. గోళ్లు పెరిగినా, రంగు వేసుకున్నా, వేలికి దెబ్బ ఉన్నా పంపం. చేతులు రోజూ చూస్తాం కానీ కాళ్లు ఎవరూ చూడరు, రబ్బరు గమ్ బూట్లలో ఉంటాయి కదా. నా కుడికాలి బొటనవేలి గోరు అలాగే ఫంగస్ పట్టి పాడైంది.

మొదట గోరు ఒక మూల పసుపుపచ్చగా మారింది. అంతలో ఆషాఢం వచ్చింది, కాళ్లకు గోరింటాకు పెట్టుకున్నాను. ఆ ఎరుపు కింద ఏం జరుగుతోందో నెలల తరబడి కనపడలేదు. రంగు దిగేసరికి గోరు మందమై, కింద నుంచి సుద్దపొడిలాంటిది రాలుతోంది. వేళ్ల సందుల్లో దురద కూడా ఉండేది. మందుల షాపులో అడిగితే ఒక ట్యూబు ఇచ్చారు. రాస్తే రెండు రోజుల్లో దురద పోయేది, మానితే ఇంకా ఎక్కువగా వచ్చేది. తర్వాత డాక్టరమ్మ ఆ ట్యూబు చూసి, ఇందులో స్టిరాయిడ్ కలిసి ఉందమ్మా అన్నారు. స్టిరాయిడ్ దురదను అణుస్తుంది, ఫంగస్‌ను పెరగనిస్తుంది. పెట్టె మీద క్లోబెటసాల్, బీటామెథసోన్ లాంటి పేర్లుంటే డాక్టరు రాయకుండా కొనకండి.

కాలిగోరు ఫంగస్ ఎక్కువగా వేళ్ల సందుల్లో, అరికాలి చర్మంలో మొదలై గోటికి పాకుతుంది. అందుకే అసలు జాగ్రత్త అక్కడే. బూట్లు విప్పగానే కాళ్లు కడిగి, నాలుగో వేలికీ చిటికెన వేలికీ మధ్య సందు విడదీసి తుడవండి. అందరూ వదిలేసేది ఆ సందునే. పాత నూలు చీర చించి ఏడు ముక్కలు చేసుకున్నాను, రోజుకొకటి, వాడింది ఉతికి ఎండలో వేస్తాను. సందు తెల్లగా నాని, పొట్టు లేస్తుంటే స్టిరాయిడ్ లేని క్లోట్రిమజోల్ క్రీము రాయండి. దురద పోయిందని ఆపొద్దు, చర్మం మామూలైన తర్వాత కూడా రెండు వారాలు రాయాలి.

బూట్లు రెండు జతలు ఉండాలి. మన ఊరి గాలికి వానాకాలంలో బట్టలే ఆరవు, బూటు ఒక్క రాత్రిలో ఎలా ఆరుతుంది? లోపల పాత పేపర్ ఉండలు కుక్కి, గంట తర్వాత తీసేసి ఫ్యాను కింద పెట్టండి. నూలు సాక్సులు ఒక జత అదనంగా తీసుకెళ్లి భోజనం వేళ మార్చుకోండి.

గోళ్లు స్నానం తర్వాత మెత్తగా ఉన్నప్పుడు అడ్డంగా, తిన్నగా కత్తిరించండి. మూలలు తవ్వొద్దు. పాడైన గోటికి ఒక నెయిల్ కట్టర్, మంచివాటికి ఇంకొకటి. ఇంట్లో నలుగురూ ఒకటే వాడటం మానాలి.

చేతుల బాధ వేరు. గోరు మొదట్లో ఉండే సన్నటి పొరే నీళ్లు లోపలికి పోకుండా కాసేది. దాన్ని కత్తిరించినా, వెనక్కి నెట్టినా గోరుచుట్టు రావచ్చు. గోరుచుట్టు మీద రోకటి పోటు అని ఊరికే అనలేదు, ఆ నొప్పితో ఐసు నీళ్లలో చెయ్యి పెట్టినవాళ్లకే తెలుస్తుంది. రబ్బరు గ్లౌజుల లోపల పలుచటి నూలు గ్లౌజులు వేసుకోండి. చీము పడితే పిన్నుతో పొడవకండి, డాక్టరుకి చూపించండి. షుగరు ఉన్నవాళ్లు కాలిగోరు రంగు మారగానే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

పరీక్ష లేకుండా మాత్రలు మింగొద్దు. దెబ్బ వల్లా, సోరియాసిస్ వల్లా కూడా గోరు అచ్చం ఇలాగే అవుతుంది. నాకు వైజాగ్ ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్ చర్మవ్యాధుల ఓపీలో గోరు గీకి, మందుచుక్క వేసి మైక్రోస్కోపు కింద చూశారు. ఫంగస్ అని తేలాక లివర్‌కి రక్తపరీక్ష చేసి, టెర్బినాఫిన్ అనే ఫంగస్ మందు 250 మిల్లీగ్రాముల మాత్ర రోజుకొకటి, 12 వారాలకు రాశారు. మాత్రలు అయిపోయేసరికి గోరు ఇంకా వికారంగానే ఉంది, నాకు టెన్షన్ పట్టుకుంది. కాలి గోరు నెలకు ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్లే పెరుగుతుందని, పాతది పూర్తిగా పోవడానికి ఏడాది పైనే పడుతుందని అప్పుడు చెప్పారు.

మంచి గోరు, చెడ్డ గోరు కలిసే చోట ఆకురాయితో చిన్న గీత పెట్టుకోమన్నారు. చెడు ఆ గీత దాటి లోపలికి రాకుండా, గీతతో పాటే ముందుకు జరిగితే మందు పనిచేసినట్టు. నెలకోసారి ఫోన్‌లో ఫోటో తీసి చూసుకునేదాన్ని. పద్నాలుగో నెలలో, మొన్న ఆదివారం, ఆ గీత గోరు చివరికి వచ్చింది. కత్తిరించేశాను.