గుర్రం ఎక్కువున్న ఆటను గెలవడం (ఇంజిన్‌తో చదరంగం: 4వ పాఠం)

గత పాఠంలో లీచెస్ (ఉచిత చదరంగం వెబ్‌సైట్) బోర్డ్ ఎడిటర్ తెరిచి, తెల్ల పావుల్లో బి1 గడిలోని గుర్రాన్ని తీసేసి, అక్కడి నుంచి స్టాక్‌ఫిష్ అనే ఇంజిన్‌తో, అంటే చదరంగం ఆడే ప్రోగ్రామ్‌తో, ఆట మొదలుపెట్టడం నేర్చుకున్నాం. గుర్రానికి బదులు ఏనుగును తీస్తే ఆ వైపు క్యాస్లింగ్ (రాజు, ఏనుగు ఒకే ఎత్తులో జరగడం) టిక్ కూడా తీసేయాలని చెప్పుకున్నాం. ఈ వారం ఆడి చూసిన నల్లగొండ, దేవరకొండ, జడ్చర్ల పిల్లలందరూ దాదాపు ఒకటే అడిగారు: "సార్, గుర్రం ఎక్కువున్నా ఓడిపోతున్న. ఎట్ల?" ఈ పాఠమంతా ఆ ప్రశ్నకే.

ముందుగా ఒక మాట. ఇంజిన్ ఏదో ఒకటి వదులుకుని ఆడితే తప్ప మనిషికి దానితో సమాన పోటీ లేదు. 2024 డిసెంబర్ ఫిడే (ప్రపంచ చదరంగ సమాఖ్య) రేటింగ్ జాబితాలో 2800 దాటిన మన హనుమకొండ అర్జున్ ఎరిగైసికైనా అంతే. అందుకే గ్రాండ్‌మాస్టర్లు కూడా ఇలాంటి హ్యాండిక్యాప్ మ్యాచ్‌లు ఆడారు. 2007లో రిబ్కా ఇంజిన్ ప్రతి ఆటలో ఒక బంటు తక్కువతో ఆడి కూడా ఎస్తోనియాలో పుట్టిన గ్రాండ్‌మాస్టర్ యాన్ ఎల్వెస్ట్‌ను 5.5–2.5తో ఓడించింది. మరుసటి ఏడాది రిబ్కాతోనే గ్రాండ్‌మాస్టర్ రోమన్ జింజిహాష్‌విలీ బంటు ఎక్కువతో ఆడి 4–4తో నిలబడ్డాడు. 2016లో కొమొడో అనే మరో ఇంజిన్ అమెరికా గ్రాండ్‌మాస్టర్ నకమురాతో నాలుగు ఆటలు ఆడింది. ఆట ఆటకు హ్యాండిక్యాప్ మారింది. మూడు డ్రా అయ్యాయి. నకమురాకు ముందే నాలుగు ఎత్తులు ఉచితంగా ఇచ్చిన చివరి ఆటను కొమొడో గెలిచింది. మొత్తం 2.5–1.5.

ఇక గుర్రం. 2020లో ఆస్ట్రేలియా గ్రాండ్‌మాస్టర్ డేవిడ్ స్మెర్డన్, కొమొడో గుర్రం లేకుండా ఆడిన ఆరు ర్యాపిడ్ ఆటల్లో 5–1తో గెలిచాడు. మన పాఠానికి ఈ ఫలితమే ఆధారం. బంటు ఒక్కటే ఎక్కువుంటే ఇంజిన్ తన లోటును ఎక్కడో ఒక చోట పూడ్చుకుంటుంది. గుర్రం ఎక్కువున్నప్పుడు మనం ఆటను సరైన దారిలో పెడితే దానికి పూడ్చుకునే చోటే దొరకదు. ఆ దారి ఏమిటో చూద్దాం.

రాజును వదిలేసి మామూలు లెక్కన పావుల విలువ కూడండి. మంత్రి 9, ఏనుగులు 10, శకట్లు 6, గుర్రాలు 6, బంట్లు 8. మొత్తం 39. గుర్రం లేని ఇంజిన్‌కు 36. అంటే మన బలంలో 92 శాతం దాని దగ్గర ఇంకా ఉంది. ఇప్పుడు మంత్రులు, శకట్లు, మిగతా గుర్రాలు, ఒక్కో ఏనుగు, నాలుగేసి బంట్లు బోర్డు మీది నుంచి పోయాయనుకోండి. దానికి ఏనుగు, నాలుగు బంట్లు కలిపి 9. మనకు ఏనుగు, గుర్రం, నాలుగు బంట్లు కలిపి 12. ఇప్పుడు దాని బలం మనలో 75 శాతమే. పత్తి చేనులో పది మంది కైకిళ్లలో ఒకరు రాకపోతే సాయంత్రానికి పని ఎలాగో అయిపోతుంది. ఇద్దరిలో ఒకరు రాకపోతే సగం చేను అలాగే ఉండిపోతుంది. బోర్డు మీద పావులు తగ్గేకొద్దీ ఆ లేని గుర్రం ఇంజిన్‌కు అంతగా లోటవుతుంది.

కాబట్టి మొదటి సూత్రం: పావుకు పావు మార్చుకోండి. కానీ బంట్లను కాపాడుకోండి. ఈ రెండో ముక్కను చాలామంది పట్టించుకోరు. బంట్లన్నీ పోయి రాజు, గుర్రం మాత్రమే మిగిలితే మాట్ కట్టలేం, ఆట డ్రా. ఏనుగు, గుర్రం కలిసి ఒంటరి ఏనుగుతో ఆడినా, బంట్లు లేకపోతే సాధారణంగా డ్రానే. ఓడిపోతున్న ఇంజిన్ వెతికేది సరిగ్గా ఇదే. బంటుకు బంటు మార్చుకుందామని అది మీదికి వస్తుంటే ఆ మార్పిడిని వీలైనంత తప్పించుకోండి. మంత్రి మార్పిడి మాత్రం దొరికితే వదలొద్దు.

ఈ పద్ధతి ఎలా నడుస్తుందో ఒక ఓపెనింగ్‌లో చూద్దాం. మనం నల్ల పావులు. తెల్ల వైపు బి1 గుర్రం లేదు. × అంటే కొట్టడం.

1. డి4, డి5 2. గుర్రం ఎఫ్3, గుర్రం ఎఫ్6 3. శకటు ఎఫ్4, సి6 4. ఈ3, శకటు ఎఫ్5 5. శకటు డి3, శకటు × డి3 6. మంత్రి × డి3, ఈ6 7. క్యాస్లింగ్, శకటు డి6 8. శకటు × డి6, మంత్రి × డి6.

ఎనిమిది ఎత్తుల్లో శకట్లు నాలుగూ బయటికి పోయాయి. దాని దగ్గర ఒక గుర్రమే, మన దగ్గర రెండు. సి6 బంటును ముందే జరపడానికి ఒక కారణం ఉంది. ఆ బంటు లేకపోతే డి3లోని మంత్రి బి5 నుంచి చెక్ చెప్పి బి7 బంటు మీద పడుతుంది. ఇంత చిన్న చిక్కులోనే పిల్లల ఆటలు చాలా పోతున్నాయి. ఇంజిన్ ఇవే ఎత్తులు వేస్తుందని అనుకోకండి. మార్పిడి ఇష్టం లేక శకటును వెనక్కి తీసుకోవచ్చు. తీసుకోనివ్వండి. అది వెనక్కి వెళ్లిన ప్రతిసారీ మనకు ఒక ఎత్తు కలిసొస్తుంది.

మార్పిడి మంచిదని తొందరపడితే ఏమవుతుందో ఈ స్థితిలో చూడండి. తెల్లవి: రాజు జి1, ఏనుగు ఈ1, బంట్లు ఎ2, ఎఫ్2, జి2, హెచ్2. మనవి: రాజు జి8, ఏనుగు డి8, గుర్రం డి5, బంట్లు ఎ7, ఎఫ్7, జి7, హెచ్7. ఎత్తు మనది. ఏనుగులు మార్చుకోవాలని ఉంది కదా. వెంటనే ఏనుగును ఈ8కి తెచ్చారనుకోండి. తెల్ల ఏనుగు దాన్ని కొట్టేస్తుంది, అక్కడికక్కడే మాట్! మన రాజుకు మూడు బంట్లే గోడ కట్టాయి. ముందు రాజును ఎఫ్8కి జరపండి, లేదా గుర్రాన్ని ఎఫ్6కి తెచ్చి ఈ8కి కాపు పెట్టండి. ఆ తర్వాత ఏనుగును ఈ8కి తీసుకురండి. నాకు రాజునే జరపడం ఇష్టం. ఆట చివర్లో రాజు బోర్డు మధ్యకు రావాల్సిందే, ఆ పని ఇప్పుడే మొదలవుతుంది.

ఇలాంటి పొరపాట్లు పెద్దవాళ్లకూ తప్పలేదు. 2006లో జర్మనీలోని బాన్‌లో డీప్ ఫ్రిట్జ్ ఇంజిన్‌తో సమాన పోటీ ఆడుతూ అప్పటి ప్రపంచ ఛాంపియన్ క్రామ్నిక్ ఒక్క ఎత్తులో పడే మాట్‌ను చూడలేదు. ఇంజిన్‌కు అలసట లేదు, టెన్షన్ లేదు. మనకు రెండూ ఉన్నాయి. అందుకే మీరు వేయబోయే ఎత్తు తర్వాత ఇంజిన్ చెప్పగల చెక్కులన్నీ, కొట్టగల పావులన్నీ వేయకముందే చూసుకోండి. గెలుస్తున్న ఆటలో ఇది మరింత అవసరం. గుర్రం ఎక్కువుందన్న ధీమాతో చేయి ముందే కదిలిపోతుంది.

గడియారం సంగతి కూడా అంతే. మూడు నిమిషాల ఆటలు ఆడి "ఓడిపోయా సార్" అంటే నేను లెక్కలోకి తీసుకోను. కనీసం 15 నిమిషాలు, ఎత్తు ఎత్తుకు 10 సెకన్లు కలిసేలా పెట్టుకోండి.

ఇంజిన్లన్నీ గుర్రం లేకుండా ఒకేలా ఆడవు. స్టాక్‌ఫిష్ ఎదుటివాడు కూడా తనలాగే తప్పు చేయడని అనుకుని లెక్క వేస్తుంది. అందుకని ఎలాగూ ఓడే స్థితి అనుకున్నప్పుడు ఒక్కోసారి నిర్లిప్తంగా మార్పిడికి ఒప్పుకుంటుంది. మనలాంటి వాళ్లకు అది మంచి మొదటి మెట్టు. లీచెస్‌లోనే ఉన్న లీలా నైట్ ఆడ్స్ అనే బాట్ వేరే రకం. గుర్రం తక్కువున్న ఆటల కోసమే దానికి ప్రత్యేకంగా తర్ఫీదు ఇచ్చారు. ఎదుటివాడు తనకన్నా బలహీనుడని ముందే అనుకుంటుంది. మార్పిడికి దొరకదు, ఆటను చిక్కుల్లోకి లాగుతుంది, మీరు తడబడే దాకా ఓపికగా ఉంటుంది. గ్రాండ్‌మాస్టర్లే దాని చేతిలో ఓడిపోతున్నారు. ఇప్పుడే దాని జోలికి వెళ్లొద్దు. స్టాక్‌ఫిష్ 5వ లెవెల్‌ను వరుసగా గెలిచాక 8 దాకా ఒక్కో లెవెల్ ఎక్కండి, ఆ తర్వాతే లీలా.

ఈ వారం పని రెండు ముక్కలు. పైన ఇచ్చిన ఏనుగుల స్థితిని ఎడిటర్‌లో పెట్టి, నల్లవి మీరు తీసుకుని 8వ లెవెల్‌తో గెలిచేదాకా ఆడండి. తెల్ల ఏనుగు మార్పిడిని తప్పించుకుని ‘ఈ’ అక్షరం నిలువు వరుస (ఈ1 నుంచి ఈ8) వదిలి పారిపోతే మీ ఏనుగు ఎక్కడికి వెళ్లాలో నోట్‌బుక్‌లో రాయండి. తర్వాత గుర్రం తీసి ఒక పూర్తి ఆట ఆడి, ఎన్నో ఎత్తులో మంత్రులు మార్పిడి అయ్యాయో, అప్పటికి ఎవరికి ఎన్ని బంట్లు మిగిలాయో గుర్తు పెట్టుకోండి. 5వ పాఠంలో ఆ ఆటలతోనే, గుర్రం ఎఫ్5, డి5 గడుల్లో ఎందుకు బలంగా కూర్చుంటుందో చూద్దాం.