షెల్ పాఠాలు – 6: ఫీల్డులకు అంకెలు, ఖాళీ ఫీల్డుతో సహా

గత పాఠంలో ఒక పంక్తిలోని కామాలను, ఒక అక్షరం బదులు మరొకటి పెట్టే ‘టీఆర్’ ఆజ్ఞతో కొత్త పంక్తులుగా మార్చి, ఒక్కొక్క ఫీల్డుకూ (అంటే కామాల మధ్యనున్న ఒక్కొక్క విలువకూ) పంక్తులకు అంకెలు వేసే ‘ఎన్‌ఎల్’ చేత అంకె వేయించాము. అమీర్‌పేటలో నా దగ్గర నేర్చుకుంటున్న ఒకరు అదే పద్ధతిని కిరాణా ఆర్డర్ల ఫైలుకు వాడి, పంక్తులను ఫీల్డులుగా విడగొట్టి లెక్కలు చేసే ‘ఆక్’తో మూడో ఫీల్డులోని కిలోలన్నీ కూడితే మొత్తం సున్నా వచ్చిందని చూపించారు. ఆ తప్పు నేర్చుకున్నవారిది కాదు, ఖాళీ ఫీల్డు గురించి చెప్పకుండా ముందుకు వెళ్లిన నాది. అందుచేత ఈ వారం అనుకున్న పాఠాన్ని వాయిదా వేసి ఇదే చెబుతున్నాను.

ఆ ఫైలులో వరుస సంఖ్య, సరుకు, గమనిక, కిలోలు, పేట, పిన్‌కోడు అని ఆరు ఫీల్డులున్నాయి. వారు అంకెలు వేసి చూసిన పంక్తి ఇది:

17,కందిపప్పు,,2,చార్మినార్,500002

‘ఎన్‌ఎల్’ ఇచ్చిన జవాబు ఇది:

1 17
2 కందిపప్పు

3 2
4 చార్మినార్
5 500002

గమనిక లేని చోట వచ్చిన ఖాళీ పంక్తికి ‘ఎన్‌ఎల్’ అంకె వేయలేదు, ఎందుకంటే వేరుగా చెప్పకపోతే అది ఖాళీ పంక్తులను లెక్కలోకి తీసుకోదు. దానితో నాలుగో ఫీల్డైన కిలోలకు మూడో అంకె పడింది. నిజమైన మూడో ఫీల్డులో గమనికలున్నాయి, మాటలను కూడమంటే ‘ఆక్’ ఏ హెచ్చరికా లేకుండా వాటిని సున్నాగా తీసుకుంటుంది. ‘ఎన్‌ఎల్’కు ‘-బి ఎ’ చేర్చితే అన్ని పంక్తులకూ అంకెలు పడతాయి. ‘క్యాట్ -ఎన్’ అయితే ఏమీ చేర్చనక్కరలేదు కనుక నేను దానినే వాడతాను.

అయితే ఫైలు మొత్తానికి అంకెలు వేయాలంటే ‘ఆక్’ కావాలి. పంక్తిలో ఎన్ని ఫీల్డులున్నాయో చెప్పే ‘ఎన్‌ఎఫ్’ అందులోనే ఉంది. ఆజ్ఞలను ఇక్కడ పలికే తీరులో రాస్తున్నాను, టెర్మినల్‌లో ఇంగ్లీషు చిన్న అక్షరాలతో టైపు చేయండి. ‘-ఎఫ్’ (ఫీల్డులను విడగొట్టే గుర్తు ఏదో చెప్పేది), ‘ఎన్‌ఎఫ్’ మాత్రం పెద్ద అక్షరాలు.

ఆక్ -ఎఫ్, '{ ఫర్ (ఐ=1; ఐ<=ఎన్‌ఎఫ్; ఐ++) ప్రింట్ ఐ, "[" $ఐ "]" }' ఆర్డర్లు.టీఎక్స్‌టీ

విలువ చుట్టూ చదరపు బ్రాకెట్లు పెట్టడం నా అలవాటు. ఖాళీ ఫీల్డు అప్పుడు ‘3 []’ అని కంటికి కనబడుతుంది.

ఇక్కడ ‘-ఎఫ్’ మరిచిపోవడమే అసలు ప్రమాదం, దానిని ఎంత వివరించినా నాకు తృప్తి కలగదు. విడగొట్టే గుర్తు చెప్పనప్పుడు ‘ఆక్’ స్పేసులను, ట్యాబులను ఒకే రకంగా చూస్తుంది. పక్కపక్కన ఎన్ని ఉన్నా ఒక్కటిగా కలిపేస్తుంది. ట్యాబులతో విడదీసిన ఈ పంక్తిని చూడండి, బాణం గుర్తు ఉన్న ప్రతి చోటా ఒక ట్యాబు ఉందనుకోండి:

18→పెసరపప్పు→→1→బేగం బజార్→500012

ఇందులోనూ ఫీల్డులు ఆరే. ‘-ఎఫ్’ లేకుండా నడిపితే పక్కపక్కనున్న రెండు ట్యాబులు కలిసిపోయి ఖాళీ ఫీల్డు మాయమవుతుంది, మధ్యలో స్పేసు ఉన్నందువల్ల బేగం బజార్ రెండు ఫీల్డులుగా చీలిపోతుంది. ఒకటి తగ్గి ఒకటి పెరగడంతో ‘ఎన్‌ఎఫ్’ మళ్లీ ఆరే అవుతుంది! సంఖ్య సరిపోయింది కదా అని నమ్మితే కిలోలు మూడులోనూ, ‘బేగం’ నాలుగులోనూ, ‘బజార్’ అయిదులోనూ ఉంటాయి. ‘-ఎఫ్'\టీ'’ అని ఇస్తే ప్రతి ట్యాబూ విడిగా లెక్కకు వస్తుంది. ఒక్కొక్క స్పేసునూ విడిగా లెక్కించాలనుకుంటే ‘-ఎఫ్' '’ అని రాసి లాభం లేదు, ‘ఆక్’ దానిని పాత అలవాటుగానే అర్థం చేసుకుంటుంది; ‘-ఎఫ్'[ ]'’ అని రాయాలి.

విండోస్ నుంచి వచ్చిన ఫైలులో చివరి ఫీల్డు మూసే బ్రాకెట్ పంక్తి మొదటికి వచ్చి పడితే, పంక్తి చివర కంటికి కనబడని ‘\ఆర్’ మిగిలి ఉందని గ్రహించి, ముందుగా ‘టీఆర్ -డి '\ఆర్'’ గుండా పంపండి.

అభ్యాసం: మొదటి పంక్తి శీర్షిక అనుకుని, దానితో ‘ఎన్‌ఎఫ్’ సరిపోలని పంక్తులను మాత్రమే పంక్తి సంఖ్యతో సహా చూపే స్క్రిప్టు రాయండి. ఆ తరువాత కామాల ఫైలులో "ఆబిడ్స్, హైదరాబాద్" అని డబుల్ కోట్స్ మధ్య కామా ఉన్న పేటను ఒకే ఫీల్డుగా లెక్కించేటట్లు దానిని మార్చండి. ‘ఆక్’లో ఒక రకమైన జీఆక్ 5.3లో ఇందుకు ‘--సీఎస్‌వీ’ అనే సదుపాయం ఉంది కానీ, ఈసారి దానిని వాడకుండా ఒక్కొక్క అక్షరాన్నీ చదువుతూ చేయండి. రెండు మూడు సాయంత్రాలు పట్టవచ్చు. వచ్చే పాఠాన్ని ఆ స్క్రిప్టుతోనే మొదలుపెడతాను.