వానలకు ముందే ప్రహరీ లేపుతున్నారా? హద్దు తేలాకే పునాది తీయండి

మృగశిర కార్తె వచ్చేలోపు గోడ లేపేయాలని వరంగల్, హనుమకొండ, కాజీపేట కాలనీల్లో మే నెలంతా హడావిడే. ఆ తొందరలో మేస్త్రీ కట్టిన దారమే హద్దయిపోతుంది. పక్కింటాయన ఊరి నుంచి వచ్చేసరికి గోడ నడుము దాకా లేచి ఉంటుంది. ఇక టెన్షన్ మొదలు.

పాత కడీలు, పాత గోడ ఉన్నాయి కదా అని నమ్మొద్దు. రేగడి నేల ఎండకు పగులుతుంది, వానకు ఉబ్బుతుంది, రాళ్లు ఒరిగిపోతాయి. రిజిస్ట్రేషన్ కాగితంలోని చెక్‌బందీ (నాలుగు వైపుల హద్దుల వివరం), లేఔట్ నక్ష పక్కపక్కన పెట్టుకుని చూడండి. కొలత పక్కవాళ్ల గోడ నుంచి మొదలుపెట్టకండి, వాళ్లు జరిగి ఉంటే ఆ తప్పు మీ ప్లాటులోకీ వస్తుంది. లేఔట్ రోడ్డు మూల నుంచి కొలవండి. నాలుగు వైపులతో పాటు మూల నుంచి మూలకు కూడా టేపు పట్టాలి. ప్లాటు వంకరగా ఉంటే వైపులు సరిపోయినా గజాలు తగ్గుతాయి. ఇదంతా పక్కింటివాళ్లను పిలిచి వాళ్ల ముందే చేయండి. తేలకపోతే మీసేవలో సర్వేకు దరఖాస్తు పెట్టుకోండి.

పునాది దగ్గర చాలామంది పొరబడతారు. తొమ్మిది అంగుళాల గోడకు రెండడుగుల పునాది తీసి, గోడ బయటి అంచును హద్దు మీద పెడితే పునాది ఏడెనిమిది అంగుళాలు అవతలికి పోతుంది. పైకి కనిపించదు. అవతలివాళ్లు ఇల్లు కట్టేందుకు తవ్విన రోజు బయటపడుతుంది. పునాది అంతా మీ జాగాలోనే ఉండేలా ముందే మేస్త్రీకి చెప్పండి.

2023 జూలై వరదలో ఇక్కడి కాలనీలు మునిగిన సంగతి తెలిసిందే. వాన నీళ్లు పోయే దారికి అడ్డంగా గోడ పెట్టొద్దు, మీ సజ్జ నీళ్లు పక్క వాకిట్లో పడొద్దు. నాలా పక్క ప్లాటైతే ఎంత వదలాలో కార్పొరేషన్‌లోనో కుడాలోనో (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) అడిగాకే ముగ్గు పోయండి. ఇక కంచెకు కరెంటు తీగ మాటే ఎత్తొద్దు. పందుల కోసం పెట్టినా మనుషులే పోతున్నారు, కేసు మీ మీదే పడుతుంది.

గొడవ ముదిరితే రాత్రికి రాత్రి గోడ కూలగొట్టకండి. హద్దు తేల్చడం పోలీసుల పని కాదు. కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్తే కేసు వేయకముందే ఇద్దరినీ పిలిచి మాట్లాడిస్తారు. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే అది డిక్రీతో, అంటే కోర్టు తీర్పుతో సమానం, దానిపై అప్పీలు ఉండదు. 60 అడుగుల పొడవున అడుగు జరిగితే పోయేది ఏడు గజాల లోపే. దానికోసం ఏళ్లపాటు సివిల్ కోర్టు చుట్టూ తిరగాలా అన్నది ముందే లెక్క వేసుకోండి. తప్పదనుకుంటే మాత్రం గోడ లేవకముందే ఇంజంక్షన్‌కు, అంటే పని ఆపమనే కోర్టు ఉత్తర్వుకు వెళ్లండి. అవసరమైతే కోర్టు తన తరఫున చూసివచ్చే లాయరును (అడ్వకేట్ కమిషనర్) పంపి, సర్వేయర్‌తో కొలిపిస్తుంది.

పోనీలే అని పక్కవాళ్లను మీ జాగా వాడుకోనిస్తే, అది మీ అనుమతితోనే అని కాగితం మీద రాయించి ఇద్దరూ సంతకాలు పెట్టండి. లేదంటే 12 ఏళ్లు దాటాక ఆ జాగా తమదేనని కోర్టులో వాదించే వీలు వాళ్లకు దొరుకుతుంది.