ఆక్సిజన్ ఛాంబర్‌లో 40 సిట్టింగులు: వెళ్లేముందు చూసుకోవాల్సినవి

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి నాకు రేడియేషన్ అయిపోయిన ఐదేళ్లకి, ఒకరోజు పొద్దున మూత్రంలో రక్తం పడింది. జబ్బు తిరగబెట్టిందనుకుని కాళ్లూ చేతులూ ఆడలేదు. మీకూ అలా జరిగితే ముందు మూత్రసంచిలోకి కెమెరా పెట్టి చూసే పరీక్ష చేయించుకోండి. అక్కడ క్యాన్సర్ లేదని తేలాకే మిగతా మాట. నాకు క్యాన్సర్ లేదు. రేడియేషన్ వల్ల మూత్రసంచి లోపలి పొరలో సన్నటి రక్తనాళాలు దెబ్బతిన్నాయన్నారు. హైపర్‌బారిక్ ఆక్సిజన్ రాశారు, అంటే గాలి ప్రెషర్ పెంచిన గదిలో (ఛాంబర్‌లో) కూర్చోబెట్టి మాస్క్‌తో ఆక్సిజన్ పీల్పించే చికిత్స.

డాక్టరుగారిని మొదట అడగాల్సింది ఇది: ఈ ఛాంబర్ కణితిని చంపడానికా, రేడియేషన్ చేసిన గాయం మానడానికా? రెండూ వేరు. ఆక్సిజన్ అందని కణితి కణాలు రేడియేషన్‌కి తొందరగా లొంగవు, దాదాపు మూడు రెట్ల డోసు కావాలి. అందుకే 1955 నాటికే లండన్‌లో చర్చిల్ డేవిడ్‌సన్ అనే డాక్టరు రోగులని ఛాంబర్‌లో ఉంచి రేడియేషన్ ఇచ్చి చూశారు. మన క్యాన్సర్ మీదా ట్రయల్స్, అంటే రోగులకి ఇచ్చి పనిచేస్తుందో లేదో చూసే పరిశోధనలు, జరిగాయి, కానీ ఫలితాలు ఒకదానితో ఒకటి కలవలేదు. 1999 నుంచి రేడియేషన్‌తో పాటు సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఇవ్వడమే వాడుకైంది. కాబట్టి ఇవాళ ఎవరైనా రేడియేషన్ బదులు ఛాంబర్ చాలంటే నమ్మకండి. రేడియేషన్‌తో కలిపి ఇస్తామంటే అది ట్రయలేనా అని అడిగి, కాగితం మొత్తం చదివాకే సంతకం పెట్టండి.

పాత ఫైలు తప్పకుండా తీసుకెళ్లండి. బ్లియోమైసిన్, డాక్సోరుబిసిన్, సిస్‌ప్లాటిన్ అనే కీమో మందులు ఎప్పుడు తీసుకున్నా చెప్పాలి. ఊపిరితిత్తుల జబ్బు, ఫిట్స్, పేస్‌మేకర్, చెవి ఆపరేషన్ ఏదున్నా దాచొద్దు. షుగర్ ఉన్నవాళ్లు ప్రతి సిట్టింగ్ ముందూ చూపించుకోవాలి, లోపల షుగర్ పడిపోవచ్చు.

ఆ రోజు తలకి నూనె, పౌడర్, సెంటు, లోషన్ ఏవీ వద్దు. వాళ్లిచ్చే కాటన్ బట్టలే వేసుకోవాలి, ఫోన్ బయటే పెట్టాలి. ఆక్సిజన్ ఎక్కువున్న చోట చిన్న నిప్పురవ్వ చాలు. ఈ విషయంలో మొహమాటం పనికిరాదు.

ఇక చెవులు. అసలు కష్టమంతా ఇక్కడే. తలుపు వేశాక ప్రెషర్ పెంచుతారు. 2.4 అట్మాస్ఫియర్లంటే మామూలు గాలి ప్రెషర్‌కి 2.4 రెట్లు, నీళ్లలో 14 మీటర్ల లోతున ఉన్నట్టు. చెవి బిగుసుకోవడం మొదలవగానే గుటక వేయండి, ఆవలించండి. లేదంటే ముక్కు మూసి, పెదాలు బిగించి మెల్లగా ఊదండి, గట్టిగా కాదు. నొప్పి వచ్చేదాకా ఆగితే చెవి తెరుచుకోదు. మూడో సిట్టింగ్‌కి నాకు జలుబు చేసింది. ఒకరోజు పోతుందని చెప్పలేదు. లోపల కుడిచెవిలో సూది దించినట్టయింది. పళ్లు బిగబట్టుకుని కూర్చున్నాను. కర్ణభేరి ఎర్రబడి నాలుగు రోజులు పోయాయి. అప్పుడు చెయ్యెత్తి ఉంటే ప్రెషర్ ఆపేవారు. మీరు మాత్రం వెంటనే చెయ్యెత్తండి.

లోపల దాదాపు రెండు గంటలుంటాం. రక్తంతో పాటు మూత్రం ఆపుకోలేకపోవడమూ మన జబ్బులో ఉంది కదా, మధ్యలో వస్తే ఏం ఏర్పాటుందో సిగ్గుపడకుండా ముందే అడగండి. నేను అడిగాకే లోపల ఒక మూల తెర ఉందని తెలిసింది, ఆ ఒక్క మాటతో సగం టెన్షన్ పోయింది. మాస్క్ పక్కల నుంచి గాలి పోతుంటే చెప్పి సరిచేయించుకోండి. ప్రెషర్ దించేటప్పుడు చల్లగా ఉంటుంది. అప్పుడు ఊపిరి బిగబట్టకూడదు, మామూలుగా పీల్చి వదలాలి.

ఇరవై సిట్టింగుల తర్వాత దూరంగా ఉన్న అక్షరాలు నాకు మసకబారాయి. చాలామందికి అలా అవుతుంది, మెల్లగా తగ్గుతుంది కూడా. కొత్త అద్దాలకి తొందరపడకండి.

పొగ తాగేవాళ్లు మానేయాలి, లేకపోతే ఇంత కష్టమూ చాలావరకు వృథా.

చిన్న నోట్‌బుక్ పెట్టుకుని రోజూ మూత్రం రంగు, ఎన్నిసార్లు వెళ్లారో, రక్తం గడ్డలు పడ్డాయా అన్నది రాయండి. కొత్త రక్తనాళాలు పుట్టడానికి వారాలు పడుతుంది, మొదటి పది రోజుల్లో తేడా లేదని మానేయొద్దు. నా పుస్తకంలో 26వ రోజు మొదటిసారి "మామూలు రంగు" అని ఉంది. 31వ రోజు మళ్లీ గులాబీ రంగు. ఆ పేజీ చూపిస్తేనే డాక్టరుగారు మిగతావి కూడా పూర్తిచేయమన్నారు.