రెడ్ హ్యాట్ అప్‌గ్రేడ్ తర్వాత ఎల్‌డ్యాప్ లాగిన్ ఆగిపోతే

రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ 7 నుంచి 8కి సర్వర్లు మార్చేవాళ్లు ఇది ముందే చూసుకోండి. ఎల్‌డ్యాప్ (యూజర్ల వివరాలన్నీ ఒకేచోట ఉంచే డైరెక్టరీ) లాగిన్లు ఎన్‌ఎస్‌ఎల్‌సీడీ అనే పాత సర్వీస్ మీద నడుస్తుంటే, 8లో ఆ ప్యాకేజీయే లేదు. అదే పని చేసే ఎస్‌ఎస్‌ఎస్‌డీ అనే సర్వీస్‌కి మారాల్సిందే.

అసలు చిక్కు ఆ తర్వాత వస్తుంది. 'ఐడీ' కమాండ్ కొడితే యూజర్ వివరాలు చక్కగా కనిపిస్తాయి, పాస్‌వర్డ్ ఇస్తే మాత్రం లోపలికి రానివ్వదు. పాస్‌వర్డ్ తప్పేమోనని రీసెట్లు చేస్తూ కూర్చోకండి. ఎన్‌క్రిప్షన్ లేని కనెక్షన్ మీద ఎస్‌ఎస్‌ఎస్‌డీ పాస్‌వర్డ్ పంపదు, అలా పంపకపోవడమే మంచిది కూడా. టీఎల్‌ఎస్ (కనెక్షన్‌ని ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతి) ఆన్ చేసి, ఎల్‌డ్యాప్ సర్వర్ అసలైనదేనని నిర్ధారించే సీఏ సర్టిఫికెట్ ఎక్కడుందో సరిగ్గా చూపించండి. ఎస్‌ఎస్‌ఎస్‌డీ కాన్ఫిగ్ ఫైల్ ఓనర్ రూట్ (అన్ని అధికారాలూ ఉన్న అడ్మిన్ ఖాతా), పర్మిషన్ 600 (ఓనర్ మాత్రమే చదివి, రాయగలిగేలా) ఉండాలి. లేకపోతే సర్వీసే లేవదు.

లాగిన్ పనిచేయకపోతే మీరే బయట ఉండిపోకుండా, పని పూర్తయ్యేదాకా రూట్‌తో తెరిచిన సెషన్ ఒకటి దయచేసి మూయకండి.