స్నేహాల లెక్క, 3వ భాగం: చీటీలు కలిపి చూద్దాం

పోయిన భాగంలో ఎవరికెవరు స్నేహితులో పట్టిక వేసుకున్నాం. ఈసారి దాన్నుంచి, తమలాంటివాళ్లతోనే ఎంతగా కలుస్తున్నారో చెప్పే ఒక అంకె తీద్దాం, ఆ అంకెను ఎంతవరకు నమ్మొచ్చో కూడా చూద్దాం. నాకైతే రెండోదే అసలు పని.

తనలాంటి వాళ్లతోనే స్నేహం కుదిరే ధోరణికి సామాజిక శాస్త్రవేత్తలు లాజర్స్‌ఫెల్డ్, మెర్టన్ 1954లో హోమోఫిలీ అని పేరు పెట్టారు. మనం వాడబోయేది క్రాక్‌హార్ట్, స్టెర్న్ 1988లో ఇచ్చిన ఈ-ఐ (ఎక్స్‌టర్నల్-ఇంటర్నల్, అంటే బయట-లోపల) సూచిక. గుంపు దాటిన స్నేహాల్లోంచి గుంపులోపలివి తీసేసి, వచ్చినదాన్ని మొత్తం స్నేహాలతో భాగించాలి. అన్నీ లోపలివే అయితే -1, అన్నీ బయటివే అయితే +1.

తిరుపతిలో ఒక హాస్టల్ అనుకోండి, 30 మంది. మదనపల్లె, పీలేరు వైపు నుంచి వచ్చి ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు 20, నగరి, పుత్తూరు వైపు నుంచి వచ్చి ఇంట్లో తమిళం మాట్లాడేవాళ్లు 10. స్నేహాలు 60, అందులో ఒకే భాషవాళ్ల మధ్యవి 45. 15లోంచి 45 పోతే -30, దాన్ని 60తో భాగిస్తే -0.5. (అంకెలన్నీ అభ్యాసం కోసం వేసుకున్నవే.)

చాలామంది ఇక్కడే ఆగి, భాషే వీళ్లను కలిపిందని రాసేస్తారు. దయచేసి ఆగకండి! 30 మందిలో 435 జంటలు కుదురుతాయి, వాటిలో ఒకే భాషవి తెలుగువాళ్లలో 190, తమిళంవాళ్లలో 45 కలిపి 235, వేరే భాషవి 200. 200లోంచి 235 పోతే -35, దాన్ని 435తో భాగిస్తే -0.08. కాబట్టి ఎవరూ భాష పట్టించుకోకుండా స్నేహం చేసినా సూచిక సున్నా దగ్గర ఉండదు, -0.08 దగ్గర ఉంటుంది. మన -0.5ను పోల్చాల్సింది దానితో.

ఆ తేడా కాకతాళీయంగా వచ్చిందేమో చూడాలంటే స్నేహాల గీతలు కదపకుండా, ఒక్కొక్కరి ఇంటిభాష రాసిన చీటీలు మాత్రం కలిపి మళ్లీ 30 మందికీ పంచి సూచిక లెక్కించండి, ఇలా 1000 సార్లు. ఆర్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో శాంపుల్ ఫంక్షన్‌తో చిటికెలో అయిపోతుంది. -0.5 గానీ అంతకన్నా తక్కువ గానీ 12 సార్లు వచ్చిందనుకుంటే, మన అసలు పట్టికనూ ఒకటిగా కలిపి 13ను 1001తో భాగించండి, పీ-విలువ (భాషతో సంబంధం లేకపోయినా ఇంత తేడా కాకతాళీయంగా వచ్చే అవకాశం) 0.013. గణాంకాల్లో మామూలుగా వాడే కై-స్క్వేర్ పరీక్ష ఎందుకు వద్దంటే, అది ప్రతి స్నేహమూ దేనికదే పుట్టిందనుకుంటుంది, కానీ మన ఫ్రెండ్‌కి ఫ్రెండ్ మనకూ ఫ్రెండ్ అవుతుంటాడు కదా.

ఇంకో చిక్కుంది. వార్డెన్ ఊళ్లవారీగా గదులిచ్చి ఉంటే కలిపింది భాషా, గదా? ఒకే గదివాళ్ల జంటలను స్నేహాల్లోంచీ, 435 జంటల్లోంచీ తీసేసి మొత్తం మళ్లీ చేయండి. సూచిక తనను పోల్చే అంకెకు దగ్గరగా వచ్చేస్తే గదిదే పెద్ద చేయి అని అనుమానించాలి.

ఇంటిభాష స్నేహం వల్ల మారదు. సిగరెట్, క్రికెట్ పిచ్చి లాంటివి మారతాయి, అక్కడ అలవాటు ముందా, స్నేహం ముందా తేల్చడానికి ఒక్కసారి తీసిన పట్టిక చాలదు. వచ్చే భాగానికి ఒకే గుంపును కొన్ని నెలల తేడాతో రెండుసార్లు అడిగిన పట్టికలు కావాలి, మొదటిది ఈ వారమే తీసిపెట్టుకోండి.